ఇల్లు అమ్మిన డబ్బు పంచుకునే ముందు జాగ్రత్తలు

విడిపోతున్న భార్యాభర్తల మధ్య పేచీ "చెరి సగం" దగ్గరే మొదలవుతుంది. దేనిలో సగం? ఇల్లు వందకు అమ్ముడైతే, లోన్‌కు 55, కమీషన్, పన్నులకు 10 పోగా చేతికొచ్చేది 35. ముందు ఏయే ఖర్చులు తీసేయాలో రాజీపత్రంలో విడివిడిగా రాయించండి.

- లోన్ బాకీ ఎంతో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.
- వేరుగా ఉంటున్నప్పటి నుంచి ఈఎంఐ ఎవరు కట్టారు? బ్యాంకు స్టేట్‌మెంట్లు భద్రంగా దాచుకోండి. నోటి లెక్కలు కోర్టులో నిలవడం కష్టం.
- డబ్బు ఒక్కరి ఖాతాలో పడనివ్వొద్దు, మనిషి ఎంత మంచివారైనా సరే. కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా ఇద్దరూ సంతకం పెడితేనే కదిలే ఖాతాలో ఉంచండి.
- పన్ను నోటీసు తర్వాత వస్తే ఎవరు కడతారో ఇప్పుడే తేల్చుకోండి.
- సంతకానికి ముందు మీ లాయరు చదవాలి, అవతలివారి లాయరు కాదు.