ఇంట్లో బేకింగ్ – 3వ పాఠం: వెన్నలోకి గాలి ఎక్కించడం

పోయిన పాఠంలో చెప్పిన రెండు పనులూ అయ్యాయా? పదార్థాలు తూచే కిచెన్ స్కేలు తెచ్చుకోవడం ఒకటి, ఓవెన్ లోపల చిన్న థర్మామీటర్ పెట్టి, నాబ్ మీద 180 ఉన్నప్పుడు లోపల నిజంగా ఎంత ఉంటోందో చూసుకోవడం ఇంకొకటి. కాకపోతే ముందు అవి కానివ్వండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు. నా పాత ఓవెన్‌లో 180 పెడితే లోపల 205 ఉండేది. ఆ సంగతి తెలియక చాలాకాలం రెసిపీలు రాసినవాళ్లను తిట్టుకుంటూ గడిపాను.

ఇవాళ మొదటి కేకు చేద్దాం. క్రీమూ చాక్లెట్టూ ఏమీ ఉండవు, ఉత్త వెన్న కేకు. చప్పగా అనిపిస్తుందేమో కానీ పైన ఏ అలంకారమూ లేనప్పుడే తప్పు ఎక్కడ జరిగిందో కళ్లకు కనిపిస్తుంది, నేర్చుకునేవాళ్లకు కావలసింది అదే.

కొలత గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక. రెండు గుడ్లు పగలగొట్టి, పెంకు లేకుండా తూచండి. దాదాపు 100 గ్రాములు వస్తాయి. ఎంత వస్తే అంత వెన్న, అంతే పంచదార, అంతే మైదా. వెన్న ఉప్పు లేనిది, పంచదార సన్న పలుకుది తీసుకోండి. ఇవి కాక అర టీస్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, అర టీస్పూను వెనిలా. దీన్నే పౌండ్ కేక్ అంటారు, నాలుగూ తలా ఒక పౌండు, అంటే సుమారు 454 గ్రాములు, వేసేవాళ్లు కాబట్టి ఆ పేరు. 18వ శతాబ్దంలో ఇది చేసేనాటికి బేకింగ్ పౌడర్ అనేదే లేదు, అది 1843 తర్వాతి సంగతి. మరి కేకు ఎలా పొంగింది? గంటసేపు చేత్తో గిలక్కొట్టేవాళ్లు! ఆ గంటలో వాళ్లు చేసింది వెన్నలోకి గాలి ఎక్కించడమే. మన చేతిలో ఎలక్ట్రిక్ బీటర్ ఉంది కాబట్టి గంట పని ఐదు నిమిషాలైంది కానీ, పని మాత్రం మారలేదు.

ముందు వెన్న సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న రాయిలా ఉంటుంది, కరిగించింది నూనెలా ఉంటుంది, మనకు రెండూ పనికిరావు. వేలితో నొక్కితే గుంట పడాలి, ఆ గుంట అలాగే నిలవాలి, వేలు మాత్రం లోపలికి జారిపోకూడదు, వెన్న పైన జిడ్డు మెరుపు కనిపించకూడదు. థర్మామీటర్ ఉంటే 18 నుంచి 20 డిగ్రీలు. నా మొట్టమొదటి కేకుకి తొందరపడి వెన్నను మైక్రోవేవ్‌లో పెట్టాను, సగం కరిగింది, పోనీలే అని అలాగే కలిపేశాను. బయటికి వచ్చిన దాన్ని కోయడానికి చాకు రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది. ముక్కలుగా కోసి బయట అరగంట ఉంచితే సరిపోయేది!

ఇప్పుడు వెన్న, పంచదార కలిపి బీటర్‌తో మధ్యస్థం వేగంలో కొట్టండి. పంచదార పలుకులకు పదునైన అంచులుంటాయి, అవి వెన్నను గీరుకుంటూ పోతుంటే గాలి లోపలికి దూరుతుంది, మెత్తటి వెన్న ఆ గాలిని బుడగలుగా పట్టి ఉంచుతుంది. కరిగిన వెన్న పట్టి ఉంచలేదు, గట్టి వెన్నలోకి గాలి అసలు దూరదు. మొదటి నిమిషంలో గరగరమని తడి ఇసుక కలిపిన చప్పుడు వస్తుంది, పసుపుగా ముద్దముద్దగా ఉంటుంది. రెండో నిమిషంలో ఒకసారి ఆపి గిన్నె అంచులు గరిటెతో గీకి మధ్యలోకి తోయండి, అడుగున అంటుకున్నదీ వదలొద్దు. నాలుగు, ఐదు నిమిషాలకు చప్పుడు మెత్తబడుతుంది, రంగు పసుపు నుంచి దంతం తెలుపుకి తిరుగుతుంది, పరిమాణం కూడా కంటికి తెలిసేంత పెరుగుతుంది. వేళ్ల మధ్య రాస్తే ఇంకా కొంచెం పలుకు తగులుతుంది, తగలనివ్వండి. పంచదార పూర్తిగా కరగాలని ఇరవై నిమిషాలు కొడితే వెన్న వేడెక్కి, ఎక్కించిన గాలి కూడా పోతుంది. చేత్తో కొట్టేవాళ్లకు పదీ పన్నెండు నిమిషాలు, భుజం నొప్పి ఖాయం.

తర్వాత గుడ్లు. చల్లటి గుడ్డు తగిలితే వెన్న బిగుసుకుపోయి మొత్తం విరిగిన పాలలా అవుతుంది. అందుకే గుడ్లను ముందే పెంకుతో సహా గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాతే పగలగొట్టి తూచండి. బాగా కలిపి ఒక్కో స్పూనూ పోస్తూ, అది కలిశాకే తర్వాతిది పోయండి. అయినా విరిగిందా? టెన్షన్ పడకండి, తూచి పెట్టుకున్న మైదాలోంచే ఒక స్పూను వేసి కొడితే చాలావరకు దారిలోకి వస్తుంది. వెనిలా కూడా ఇప్పుడే.

మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించి రెండు దఫాలుగా వేయండి. ఇక్కడ బీటర్ పక్కన పెట్టేయాలి. మైదా తడిసి కలియబడేకొద్దీ అందులో గ్లూటెన్ అనే సాగే జిగురు ఏర్పడుతుంది, రొట్టెకు అది కావాలి, కేకుకి వద్దు. గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ, పొడి పిండి కనబడకపోగానే ఆపేయండి. గరిటె ఎత్తి వంచితే బ్యాటర్, అంటే ఈ కలిపిన పిండి, ముద్దగా జారిపడాలి, అతుక్కుని పడనంటే ఒక స్పూను పాలు.

15 సెంటీమీటర్ల టిన్నులో అడుగున బటర్ పేపర్ వేసి, బ్యాటర్ నింపి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో మధ్య అరలో 170 దగ్గర పెట్టండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 150. మొదటి 25 నిమిషాలు తలుపు ముట్టుకోకండి, బుడగల చుట్టూ గోడలు ఇంకా గట్టిపడి ఉండవు, వేడి తగ్గితే మధ్యలో కుంగిపోతుంది. 35 నిమిషాల ప్రాంతంలో మధ్యలో పుల్ల గుచ్చి చూడండి. తడి బ్యాటర్ అంటితే ఇంకో ఐదు నిమిషాలు, పొడి తునకలు అంటితే అయిపోయినట్టే. టిన్నులో పది నిమిషాలు ఉంచి తీసేయండి, అలాగే వదిలేస్తే ఆవిరికి అడుగు తడిసిపోతుంది.

కేకు సరిగా పొంగలేదనుకోండి, మళ్లీసారి బేకింగ్ పౌడర్ పెంచుదామనిపిస్తుంది. అందరం ఆ పని చేసినవాళ్లమే. కానీ బేకింగ్ పౌడర్ కొత్త బుడగలు పుట్టించదు, వెన్నలో మీరు ముందే ఎక్కించిన వాటిలోకి వాయువు నింపి పెద్దవి చేస్తుంది, అంతే. ఎక్కువ వేస్తే బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పైకొచ్చి పగులుతాయి, కేకు లేచినట్టే లేచి మధ్యలో గుంట పడుతుంది, నోట్లో ఏదో సబ్బు రుచి కూడా. కాబట్టి ముందు వెన్నను అనుమానించండి. పైన మధ్యలో గోపురంలా లేచి పగిలితే మాత్రం ఓవెన్ వేడి ఎక్కువైనట్టు, థర్మామీటర్ చూడండి. కోసినప్పుడు లోపల పొడవాటి సొరంగాలు కనిపిస్తే మైదా వేశాక ఎక్కువ కలిపారు.

హోంవర్క్: ఇదే కేకు ఇంకో రెండుసార్లు. మూడు రకాలు ఒక్కోసారి చేయడం కంటే ఒకటే మూడుసార్లు చేసినప్పుడు చేతికి ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం. రెండోసారి కావాలనే వెన్నను రెండు నిమిషాలే కొట్టి, మిగతా అంతా మొదటిసారిలాగే ఉంచి, చల్లారాక కేకు ఎత్తు గీతల స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకోండి. మూడోసారి మళ్లీ ఐదు నిమిషాలు.

వచ్చే పాఠం గుడ్డు లేని కేకు. దానికి పెరుగు, బేకింగ్ సోడా సిద్ధం చేసుకోండి. పౌడర్ కాదు, సోడా. డబ్బా మీద పేరు రెండుసార్లు చదివి తెచ్చుకోండి.