వరిసాగు నిలకడను అంచనా వేయడం – 3వ పాఠం: నీటి లెక్క

ఎరువుల ఖాతా గత పాఠంలో రాసుకున్నాము. ఇప్పుడు నీటి ఖాతా తెరవాలి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువల్లో వచ్చే నీరు మన గోదావరి డెల్టాలో పైమడి నుంచి కిందిమడికి పారుతుంది గనుక, ఎవరి చేను ఎంత తాగిందో సాధారణంగా ఎవరూ రాసి పెట్టరు. ఈ ఖాతా లేని అంచనాను నేను అంచనాగా ఒప్పుకోలేను.

నిలకడైన వరిసాగుకు ప్రమాణాలు, సూచికలు పెట్టే అంతర్జాతీయ వేదిక సస్టైనబుల్ రైస్ ప్లాట్‌ఫామ్. దాని సూచికల్లో నీటి ఉత్పాదకత ఒకటి. వాననీటితో సహా చేనికి చేరిన మొత్తం నీటితో ధాన్యం బరువును భాగిస్తే అది వస్తుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి, ఎకరంలో ఒక సెంటీమీటరు ఎత్తున నిలిచిన నీరు సుమారు 40 ఘనపు మీటర్లు.

కిందిమడికి పోయే మడవ కట్టేసి, నీరు నిలిచి ఉన్న చేనిలోకి కాలువ నీరు వదలండి. కొబ్బరి ఈనె ఒకటి నిలువుగా గుచ్చి, తడి గుర్తు ఒక సెంటీమీటరు పైకి జరగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ఎకరం చేనిలో అరగంట పడితే గంటకు 80 ఘనపు మీటర్లు వస్తున్నట్టు. ఆ తరువాత కాలువ నీరు చేనిలోకి వచ్చే మడవ తెరిచి ఉంచిన గంటలు రాసుకుంటే చాలు. కాకపోతే కాలువ నీటి వంతు మారినప్పుడల్లా కాలువ మట్టం మారుతుంది గనుక మళ్లీ కొలవాలి.

దాళ్వాలో (రబీ పంటలో) ఎకరానికి 120 సెంటీమీటర్ల నీటితో 75 కిలోల బస్తాలు 40 పండాయనుకుందాం. 3,000 కిలోలను 4,856 ఘనపు మీటర్లతో భాగిస్తే ఘనపు మీటరుకు 0.62 కిలోలు. అదే పంట 90 సెంటీమీటర్లతో పండితే 0.82.

ఆ ఆదాకు తడి-పొడి పద్ధతి ఒక దారి. రంధ్రాలున్న 30 సెంటీమీటర్ల గొట్టాన్ని సగం భూమిలోకి దింపి, లోపలి నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తారు. పూత సమయంలో మాత్రం నీరు నిలపాలి. నీరు ఎడతెగక నిలిచిన నేలలో పుట్టే మీథేన్ కూడా దీనివల్ల తగ్గుతుంది. అయితే అంతర్వేది వైపు ఉప్పు తగిలే చేలను ఇలా ఆరబెట్టవద్దు. ఆరిన కొద్దీ ఉప్పు పైకి తేలుతుంది.

ఇతరులతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. థాయ్‌లాండ్ ఈశాన్యంలో జాస్మిన్ బియ్యం పండేది ఎక్కువగా వర్షాధారంగా. పగటి నిడివి తగ్గితేనే పూతకు వచ్చే రకం గనుక ఏడాదికి ఒకే పంట, కోత నవంబరు ప్రాంతంలో. అక్కడి నీటి ఉత్పాదకత అంకెను మన సార్వాతో (ఖరీఫ్ పంటతో) పక్కన పెట్టి చూడవచ్చు గాని, కాలువ నీటి దాళ్వాతో కాదు.

అభ్యాసం: రాబోయే వంతులో తేదీ, మడవ తెరిచిన గంటలు, వాన – ఈ మూడు గడులు నింపి ఉంచండి. మురుగు కాలువలోకి పోయిన నీటిని 4వ పాఠంలో ఇందులోంచి తీసివేద్దాము.