పిల్లల భయం, అమ్మ టెన్షన్ – 3వ పాఠం: మెట్టు మీద ఆగినప్పుడు

పిల్లవాడు భయపడ్డప్పుడు మీ ఒంట్లో టెన్షన్ ముందు ఎక్కడ తెలుస్తుందో గమనించమని పోయిన పాఠంలో చెప్పాను. పళ్ళు బిగుసుకుంటాయా, భుజాలు పైకి లేస్తాయా, గొంతు మారుతుందా? అది పట్టుకుంటే సగం పని అయినట్టే.

1985లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. ఏడాది వయసు పిల్లల్ని గాజు బల్ల మీద వదిలారు. కొంత దూరం పోయాక గాజు కింద 30 సెంటీమీటర్ల లోతు ఉన్నట్టు కనిపిస్తుంది. పాకుతూ వచ్చిన పిల్లలు అక్కడ ఆగి, అవతలున్న అమ్మ మొహంలోకి చూశారు. అమ్మ సంతోషంగా కనిపిస్తే 19 మందిలో 14 మంది దాటారు. భయపడ్డట్టు కనిపిస్తే 17 మందిలో ఒక్కరూ దాటలేదు.

‘అయితే లోపల ఎలా ఉన్నా నవ్వేస్తే సరి’ అనుకోకండి. జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండు పద్ధతుల్ని విడదీసి పరిశీలించాడు: వచ్చిన భావాన్ని బయటికి కనపడకుండా అణుచుకోవడం, విషయాన్ని చూసే తీరునే మార్చుకోవడం. అణుచుకుంటే మొహం మారదు గానీ ఒంట్లో ఒత్తిడి తగ్గదు, పెరగొచ్చు కూడా. చంకలో ఉన్న బిడ్డకి ఆ బిగువు తెలియదా?

కాబట్టి ఈ వారం రెండోదే నేర్చుకుందాం. పిల్లవాడు జారుడుబల్ల మూడో మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి మిమ్మల్ని చూశాడు. “జాగ్రత్త, పడిపోతావ్!” నాలుక చివరిదాకా వచ్చేసింది. అక్కడే ఆగండి. భుజాలు దించి, ఊపిరి నెమ్మదిగా పూర్తిగా వదలండి. మనసులో ఇలా అనుకోండి: ‘వీడు భయపడుతున్నాడు. ప్రమాదంలో లేడు.’ (నిజంగా ప్రమాదముంటే ఈ పాఠాలన్నీ పక్కనపెట్టి ముందు పట్టుకోండి.) తర్వాత వాడితో, “భయంగా ఉందా? నేనిక్కడే ఉన్నా” అనండి. అంతే. ఎక్కమని తొందరపెట్టొద్దు, ఎత్తుకుని దించేయొద్దు. పది అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఊరుకోవడమే ఇందులో కష్టం.

ఒక సంగతి. పిల్లల ఆందోళనకి అమ్మే కారణమని ఎవరైనా అంటే నమ్మకండి. పుట్టుకతో వచ్చిన స్వభావం ఉంటుంది, నాన్న టెన్షనూ ఉంటుంది. పైగా భయపడే పిల్లవాడు అమ్మ టెన్షన్ పెంచుతాడు కూడా.

రోజుకి ఒక్క సందర్భం చాలు. రాత్రి ఒక్క వాక్యం రాసుకోండి: ఏమనబోయాను, ఏమన్నాను. అరిచేసిన రోజు అదే రాయండి. అరిచాక ఏం చేయాలన్నది 4వ పాఠం, దానికి ఈ కాగితం కావాలి.