నవంబరు నీళ్లు: జింకల వేటలో వేడర్లతో వాగు దాటేవారికి జాగ్రత్తలు

అమెరికాలోని విస్కాన్సిన్‌లో థ్యాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం వచ్చే పండుగ) ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు, మిషిగన్‌లో నవంబరు 15 నుంచి 30 దాకా తుపాకీ వేట సాగుతుంది. మొదటి రెండు రోజుల్లోనే రోడ్డుకు దగ్గరి అడవి జనంతో నిండిపోతుంది. అలజడి పడ్డ మగజింక జమ్ముబురద మధ్య ఎత్తుగా ఉన్న దిబ్బ మీదకో, వాగవతలి పొదల్లోకో వెళ్లి పడుకుంటుంది. దారిలో మోకాటిలోతు నీళ్లుంటే చాలు, వేటగాళ్లలో ఎక్కువమంది అక్కడినుంచే వెనక్కి మళ్లుతారు. వేడర్లు (నీళ్లలో దిగడానికి తొడుక్కునే, నీరు చొరని బూట్ల తొడుగులు) ఉన్నవాళ్లకు అవతలి చోటంతా ఖాళీగా దొరికేది అందుకే. (మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. ఈ మాటలన్నీ అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటకు వెళ్లేవారికే.)

వేడర్లు ఒంటికి తడి తగలకుండా చూస్తాయి. మునిగిపోకుండా మాత్రం కాపాడవు. పొద్దున ఖాళీ చేతులతో, నిండు ఓపికతో దాటిన వాగునే సాయంత్రం చీకట్లో, అలిసిన కాళ్లతో, ఒక్కోసారి జింకను లాక్కుంటూ మళ్లీ దాటాలి. కాబట్టి నీళ్లలో దిగాలా వద్దా అన్నది ఆ తిరుగు ప్రయాణాన్ని తలుచుకుని తేల్చుకోవాలి.

ఏ రకం వేడర్లు

వడి లేని బురదనీళ్లకు తొడలదాకా వచ్చే హిప్ బూట్లు చాలు. పారే నీటికి రొమ్ముదాకా వచ్చే చెస్ట్ వేడర్లు కావాలి. నియోప్రీన్‌లో (మెత్తటి కృత్రిమ రబ్బరు) 5 మిల్లీమీటర్ల మందం నీళ్లలో కదలకుండా నిలబడే బాతుల వేటగాళ్లకు తగినది. అది తొడుక్కుని అర మైలు నడిస్తే లోపల చెమటతో తడిసిపోతారు, ఆ తడితోనే నాలుగు గంటలు చలిలో కూర్చోవాలి. నడక ఎక్కువైతే 3.5 మిల్లీమీటర్లది గానీ గాలాడే బట్టతో చేసినది గానీ మేలు. గాలాడే రకం పలుచన, ముళ్లకంపకూ కంచె తీగకూ ఇట్టే చిరుగుతుంది.

బూటు వేడరుకే అతికి ఉన్న రకాన్ని గడ్డకట్టిన వేళ్లతో కూడా విప్పుకోవచ్చు. విడిగా లేసులు కట్టుకునే బూట్లయితే లేసులు మంచుకు కొయ్యబారిపోతాయి. కానీ ఊబి బురదలో మడమ జారిపోకుండా పట్టి ఉంచేది ఆ లేసుల బూటే. మా ఓటు అతికిన బూటుకు, అదీ కొలత సరిగ్గా కుదిరితేనే. రెండు జతల సాక్సులు వేసుకున్నాక కూడా వేళ్లు ఆడాలి. బిగుతైతే రక్తం ఆడక పాదాలు ముందు చల్లబడతాయి, వదులైతే బురద బూటును లాగేసుకుంటుంది. అడుగున ఫెల్ట్ (ఒత్తి చేసిన నూలుపొర) ఉన్న బూట్లు తీసుకోవద్దు. నీళ్లలోంచి మంచులోకి రాగానే ఫెల్ట్‌కు మంచు ఉండలుగా అంటుకుంటుంది. పరాయి జీవజాతులను ఒక నీటి నుంచి ఇంకో నీటికి మోస్తుందని కొన్ని రాష్ట్రాల్లో దాన్ని నిషేధించారు కూడా. ఇనుప మేకులున్న అడుగు జారదు, కానీ రాళ్ల మీద టకటకమంటుంది.

కనీసం రెండు వారాల ముందు చీకటి గదిలో వేడరు లోపల టార్చి వెలిగించి, బయటినుంచి ఎక్కడ వెలుగు కారుతోందో చూడండి. గజ్జల దగ్గరి కుట్టు, మోకాళ్లు, చీలమండ దగ్గర బూటు మడతపడే చోటు, ఎక్కువగా కారేవి ఈ మూడే. గాలాడే బట్టను లోపలివైపు తిప్పి రబ్బింగ్ ఆల్కహాల్ చల్లితే సన్నని చిల్లుల దగ్గర నల్లటి చుక్కలు కనబడతాయి. అక్వాసీల్ అనే జిగురు పూసి కనీసం ఒక రాత్రి ఆరనివ్వాలి. తెల్లవారుజామున కారు వెనక నిలబడి చేసే పని కాదిది. మడత దగ్గర రబ్బరు సన్నగా పగిలి ఉంటే ఆ జతను పక్కన పెట్టండి. బేస్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ మోటారు పక్కన పెట్టిన వేడర్లకు ఇది ఎక్కువ, మోటారు నుంచి పుట్టే ఓజోన్ రబ్బరును తినేస్తుంది.

బెల్టు, బరువు, చలి

చెస్ట్ వేడరు మీద బెల్టు నడుముకు కాస్త పైన బిగుతుగా కట్టుకోకుండా నీళ్లలో అడుగు పెట్టవద్దు. వేడర్లలోకి నీళ్లు వస్తే రాయిలా కిందికి లాగేస్తాయని చాలామంది అంటారు. అది నిజం కాదు. నీళ్లలో ఉన్నంతసేపు లోపలి నీటికి అదనపు బరువు ఉండదు. ఈదడం కష్టమవుతుంది, వడి ఎక్కువ పట్టేస్తుంది. అసలు బరువు గట్టెక్కేటప్పుడు తెలుస్తుంది, నిండిన కాళ్లను పైకి లేపడం చాలామంది వల్ల కాదు. బెల్టు ఆ నీళ్లు లోపలికి చేరడాన్ని నెమ్మది చేస్తుంది, లోపలి గాలిని కాసేపు పట్టి ఉంచుతుంది. ఆ కాసేపే మీ చేతిలో ఉన్న సమయం.

మంచుచల్లటి నీళ్లకు 1-10-1 అని ఒక లెక్క ఉంది. పడిన మొదటి 1 నిమిషం ఊపిరి ఎగబీలుస్తూ మీ అదుపులో ఉండదు. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులూ కాళ్లూ పనికొస్తాయి. స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. అంటే తేలి ఉండగలిగితే ప్రాణం ఉంటుంది. మొదటి నిమిషంలో తల నీటి పైన ఉంచాల్సింది లైఫ్ జాకెట్టే. గ్యాస్ సిలిండరుతో ఉబ్బే రకం వాడితే సిలిండరు నిండుగా ఉందో లేదో తూచి చూసుకోండి, కోటు పైన తొడగండి. కోటు కింద ఉబ్బితే అదే ఊపిరాడనివ్వదు. గడ్డకట్టే చలిలో అది నెమ్మదిగా ఉబ్బుతుంది, అందుకే ఈ నెలలో లోపల ఫోమ్ నింపిన జాకెట్టే మాకు నమ్మకం.

నీటిని కొలవడం

అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు నీటి కొలతలకు వాగుల్లో దిగేటప్పుడు ఒక నియమం పాటిస్తారు. లోతు అడుగుల్లో, వడి సెకనుకు అడుగుల్లో తీసుకుని రెంటినీ గుణిస్తే 10 దాటకూడదు. ఒడ్డున 10 అడుగులు కొలిచి, ఒక పుల్ల నీళ్లలో వేసి ఎన్ని సెకన్లలో ఆ దూరం పోతుందో చూడండి. 4 సెకన్లయితే వడి 2.5. లోతు 3 అడుగులుంటే లెక్క 7.5. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ 10 పగటిపూట, మూట లేకుండా, అలవాటున్న మనిషికి. వీపున సామాను, పాచిరాళ్లు, చీకటి ఉంటే 5 దగ్గరే ఆగిపోవాలని మా మాట. వడి ఉన్నచోట మోకాలి పైకి వచ్చిన ప్రతి అంగుళాన్నీ అనుమానించండి. మొలలోతుకు చేరితే వెనక్కి తిరగండి, వేడరు ఎంత పొడుగున్నా సరే.

ఆ నదికి జియలాజికల్ సర్వే గేజి ఉంటే ముందురోజు నీటిమట్టం, ప్రవాహం రెండూ ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. దాటగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. సాయంత్రం ఆ పుల్ల నీళ్లలో ఉందంటే వాగు పెరిగింది, మళ్లీ లెక్క వేయండి. పైన డ్యామ్ ఉంటే వాన పడకపోయినా నీళ్లు పెరుగుతాయి. అలాంటి చోట ఇంకో దారి తెలియనిదే అవతలికి వెళ్లకూడదు.

దాటేటప్పుడు

వెడల్పుగా, పలచగా, గులకరాళ్ల మీద పారే చోటు ఎంచుకోండి. ఇరుకుగా నున్నగా కనబడేది లోతు చోటు. వంపు బయటి వైపు ఒడ్డు కోసుకుపోయి ఉంటుంది. దిగువన పడిపోయిన చెట్టుంటే అక్కడ దాటనే వద్దు. కొమ్మల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి ఇరుక్కుపోతాడు.

మూట నడుముపట్టీ, రొమ్ముపట్టీ విప్పేయాలి. తుపాకీలో గుళ్లు తీసేసి, బోల్టు తెరిచి, పైకి కట్టుకోవాలి. గొట్టం మూతికి ఒక ముక్క ఎలక్ట్రికల్ టేపు అంటించండి. గొట్టంలో బురదో నీళ్లో ఉండగా కాలిస్తే గొట్టం పగులుతుంది. ప్రవాహానికి ఎదురు తిరిగి, ఊతకర్రను ఎగువవైపు పెట్టి, కర్ర, రెండు కాళ్లు మూడు ఊతల్లో ఒక్కసారికి ఒక్కటే కదపండి. కాళ్లు ఎత్తకుండా ఈడ్చండి, ఒకదాని మీదుగా ఒకటి వేయకండి. తిన్నగా కాక కాస్త దిగువకు వాలుగా నడిస్తే శ్రమ తగ్గుతుంది.

జారి కొట్టుకుపోతే వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువవైపు పైకెత్తి, చేతులతో ఒడ్డుకు ఏటవాలుగా నెట్టుకోండి. మూట, రైఫిలు పోతే పోనివ్వండి. వడిలో లేచి నిలబడబోతే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, నీళ్లు మనిషిని ముందుకు వంచేస్తాయి. పిక్కలలోతుకు వచ్చాకే లేవాలి. బెల్టు గట్టు మీదే విప్పండి.

బురదది వేరే దారి. బీవర్లు (నీళ్లలో ఉండే ఎలుకజాతి జంతువులు) తవ్విన కాలువలు జమ్ము కింద కనబడవు, మోకాటిలోతు నుంచి ఒక్క అడుగులో రొమ్ములోతు అవుతాయి. ప్రతి అడుగుకూ ముందు కర్రతో పొడవండి, తుంగదుబ్బుల మీద, చెట్ల వేళ్ల మీద అడుగులు వేయండి. కాలు దిగబడితే పైకి గుంజకండి, ఆ గుంజుడుకు రెండో కాలు ఇంకా దిగుతుంది. వెనక్కి కూర్చుని బరువు పరిచి, మడమ అటూ ఇటూ తిప్పి గాలి చొరనిచ్చి తీయండి.

పలచటి మంచుపొర ఉన్న రోజు ఇంట్లో ఉండడమే మేలు. మనిషి నడవడానికి కొత్త గట్టి మంచు 4 అంగుళాలు కావాలి. ఒకటి రెండు అంగుళాలది మోయదు, దారీ ఇవ్వదు. విరిగిన అంచు తొడ దగ్గర నియోప్రీన్‌ను కత్తిలా కోస్తుంది.

అవతలి గట్టున

వేడర్లతో ట్రీ స్టాండ్ (చెట్టుకు కట్టిన వేట మంచె) ఎక్కవద్దు. అడుగు మెట్టు మీద జారుతుంది, పడిపోకుండా కట్టుకునే హార్నెస్ సరిగ్గా కూర్చోదు. నీళ్లు చొరని సంచిలో బూట్లు, ఉన్ని సాక్సులు, పొడిబట్టలు, అగ్గిపెట్టె తెచ్చుకుని అక్కడే మార్చుకోండి. వేడర్లను తలకిందులుగా కొమ్మకు వేలాడదీస్తే లోపల మంచు చేరదు. విస్కాన్సిన్ తుపాకీ కాలంలో నడుము పైభాగంలో సగం మెరిసే నారింజ లేదా గులాబీ రంగు ఉండాలి. చెస్ట్ వేడరు ఆ రొమ్మునే కప్పేస్తుంది, కాబట్టి చొక్కా వేడరు పైన తొడగాలి.

జింక చిక్కితే ఒక మంచి మాట: దాని వెంట్రుకలు లోపల బోలు, నీళ్లలో తేలుతుంది. కొమ్ములకు 50 అడుగుల తాడు కట్టి, మీరు ముందు దాటి, గట్టు మీదినుంచి లాగండి. తాడు నడుముకో మణికట్టుకో కట్టుకోవద్దు. దాటే చోటు దగ్గరే అయితే కడుపు కోయడం అవతలికి చేరాకే. కోసిన కడుపులో బురదనీళ్లు చేరి మాంసం పాడవుతుంది. ఎండ కాసే రోజైతే ఆగకండి, కోసి ప్లాస్టిక్ స్లెడ్‌లో వేసుకుని లాగండి.

ఇంటికి రాగానే వేడర్ల బురద, పాచి కడిగి, లోపలా బయటా ఆరబెట్టండి. ఇంకో వాగులో దిగే ముందు కనీసం 5 రోజులు పొడిగా ఉండాలి. జీబ్రా మసెల్ (పరాయి జాతి ఆల్చిప్ప) పిల్లలు కంటికి కనబడనంత చిన్నవి, ఒక్క తడి మడత వాటికి చాలు.