సిరిమానోత్సవం నాటి వీడియో క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించుకోవడం

దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చిన చుట్టాలందరినీ వరండాలో కూర్చోబెట్టి తీయించిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లు మీ అటక మీద ఉంటే, వాటిని వెంటనే ప్లేయరులో పెట్టకండి. ముందు టేపు చుట్టను వెలుతురులో చూడండి. అంచున బూడిద చల్లినట్లు తెల్లని మచ్చలుంటే అది బూజు. అటువంటి టేపును ఆడిస్తే ప్లేయరులో టేపును చదివే హెడ్లు పాడవడమే కాక, తరువాత పెట్టే మంచి క్యాసెట్లకూ బూజు అంటుకుంటుంది కనుక, దానిని విడిగా సంచిలో కట్టి, శుభ్రపరచడం తెలిసినవారికే అప్పగించాలి.

బాగున్న క్యాసెట్టు వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేయండి. ఆపై పొరపాటున కూడా దాని మీద రికార్డు కాదు. ఆ పని చేయకనే నేను మా ఇంటి భోగి మీద క్రికెట్ ఆటను ఎక్కించేశాను. తాతగారు పిడకల దండను మంటలో వేయబోతూ చెయ్యెత్తుతారు, అంతలోనే స్కోరు కనిపిస్తుంది.

ఈ క్యాసెట్లను ఆడించే వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది కాబట్టి, పనిచేసేది ఎక్కడైనా దొరికితే అరువు తెచ్చుకోండి. టేపును ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టండి. పసుపు తీగను బొమ్మకు, ఎరుపు, తెలుపు తీగలను శబ్దానికి వీసీఆర్ బొమ్మను కంప్యూటరుకు అందించే క్యాప్చర్ పరికరంలో కలిపి, మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌కు తగినట్లు 720×576 కొలతలో, సెకనుకు 25 ఫ్రేములుగా భద్రపరచండి. డీవీ అనే డిజిటల్ వీడియో రూపంలో గంటకు సుమారు 13 జీబీ పడుతుంది. ప్రతులు రెండు తీసి, రెండిళ్లలో ఉంచండి.

ఫైలు సిద్ధమయ్యాక పెద్దత్తయ్యనో మావయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరెవరు ఏ ఊరివారో చెప్పించి, ఆ మాటలను ఫోనులో రికార్డు చేసి ఫైలుతోపాటే దాచండి.