జపాన్ దీవుల మధ్య రాత్రి ఓడ ప్రయాణం: ఒసాకా నుంచి బెప్పుకు వెళ్లే విధానం

ఒసాకాలో సాయంత్రం ఏడు దాటాక బయలుదేరే ఓడ ఎక్కితే, మర్నాడు ఉదయం ఏడింటి ప్రాంతంలో క్యూషూ దీవిలోని బెప్పులో దిగవచ్చు. ఇదే దూరాన్ని క్యూషూలోని కొకురా దాకా షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలులోనూ, అక్కడి నుంచి సోనిక్ ఎక్స్‌ప్రెస్ రైలులోనూ సుమారు నాలుగు గంటల్లో చేరవచ్చు కనుక వేగమే ముఖ్యమైనవారు రైలెక్కడమే మంచిది. అయితే ఓడ టికెట్టులో పడక కూడా కలిసే ఉంటుంది. ఒక రాత్రి హోటల్ ఖర్చు తప్పుతుంది, పగటిపూట సమయం ప్రయాణానికి పోదు, పైగా హోన్షూ, షికోకు, క్యూషూ దీవుల నడుమ ఒదిగి ఉన్న సెతో లోపలి సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటుతారు. ఈ దారిలో ప్రయాణికుల ఓడలు 1912 నుంచి నడుస్తున్నాయి. ఇప్పుడు తిరుగుతున్న సన్‌ఫ్లవర్ కురెనాయ్, సన్‌ఫ్లవర్ మురసాకి అనే జంట ఓడలు 2023లో సేవలో చేరాయి. ద్రవీకృత సహజవాయువుతో నడిచే ఫెర్రీలలో జపాన్‌లో ఇవే మొదటివి, పొడవు దాదాపు 200 మీటర్లు.

జపాన్‌లో రాత్రి ఓడలు ఇంకా చాలా ఉన్నాయి. ఒసాకా నుంచి, కోబే నుంచి క్యూషూ ఉత్తరపు కొసన ఉన్న షిన్‌మోజికి, ఒసాకా నుంచి షికోకు దీవిలోని తోయోకు, ఓఅరాయ్ నుంచి హొక్కైడోలోని తొమకొమాయ్‌కి, మైజురు నుంచి ఒతారుకు ఓడలు వెళ్తాయి. టోక్యోలోని తకెషిబా రేవు నుంచి ఒగసవరా దీవులకు 24 గంటలు, కగోషిమా నుంచి ఒకినావాలోని నాహాకు ఒక రోజుకు పైగా పడుతుంది. మొదటిసారి వెళ్లేవారు వీటిలో దేనిని ఎంచుకోవాలన్నది అందాన్ని బట్టి కాక సముద్రాన్ని బట్టి నిర్ణయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. హొక్కైడో ఓడలూ ఒకినావా ఓడలూ నడిసముద్రంలో గంటల తరబడి సాగుతాయి. జపాన్ సముద్రం చలికాలంలో ఉగ్రంగా ఉంటుంది. సెతో లోపలి సముద్రానికి చుట్టూ నేల కాపు కాస్తుంది కాబట్టి మామూలు వాతావరణంలో ఓడ కదులుతోందన్న సంగతే తెలియదు. అందుకే ఈ వ్యాసం ఒసాకా–బెప్పు దారినే ఆధారంగా తీసుకుంటుంది. ఇక్కడ చెప్పినవాటిలో ఎక్కువ భాగం తక్కిన ఓడలకూ వర్తిస్తుంది.

టికెట్టును ఈ సన్‌ఫ్లవర్ ఓడలు నడిపే కంపెనీ వెబ్‌సైటులోనే తీసుకోవచ్చు. పేరు, వయసు, స్త్రీ పురుష వివరం తప్పనిసరిగా అడుగుతారు. వాటిని పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వాలి. విదేశీ పర్యాటకులు రైళ్లలో తిరగడానికి కొనే జపాన్ రైల్ పాస్ ఈ ఓడల్లో చెల్లదు. ఛార్జీ తేదీని బట్టి మారుతుంది కనుక ప్రయాణాన్ని ఒకటి రెండు రోజులు ముందుకో వెనక్కో జరపగలిగితే తేడా బాగా కనిపిస్తుంది. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం వరకు ఉండే గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో పితృదేవతల కోసం జరిపే ఓబోన్ పండుగ, సంవత్సరాంతపు సెలవులు, ఈ మూడు సమయాల్లో ఛార్జీలు పెరుగుతాయి, గదులు కూడా ముందే నిండిపోతాయి. బయలుదేరే వేళ వారంలోని రోజును బట్టి కొంత మారుతుంది. మీరు వెళ్లే తేదీకి ఉన్న వేళను టికెట్టు తీసుకునేటప్పుడే చూసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది పడక గురించి. అతి చవకైన టూరిస్ట్ తరగతిలో మంచాలు ఉండవు. కార్పెట్ పరిచిన గదిలో ఒక్కొక్కరికి ఒక పరుపు, తలగడ, పలచటి దుప్పటి ఇస్తారు. చెప్పులు గది బయటే విడిచి, అంకె వేసి ఉన్న మీ చోటు వెతుక్కుని, సామాను తలవైపున పెట్టుకుని అక్కడే పడుకోవాలి. పెళ్లిళ్లలో హాలంతా చాపలు పరిచి బంధువులందరూ వరసగా పడుకున్నట్టే ఉంటుంది కానీ ఇక్కడ పక్కనున్నది అపరిచితులు, మాటలు గుసగుసలకు మించవు. ఒంటరిగా వెళ్లే స్త్రీలు మహిళలకు కేటాయించిన గదినే ఎంచుకోవాలి. దానికి పై మెట్టు ప్రైవేట్ బెడ్: ఒక మనిషి పట్టే అరలాంటి పడక, దీపం, ఛార్జింగ్ పాయింట్, అడ్డుగా తెర ఉంటాయి. ఒంటరి ప్రయాణికుడికి డబ్బుకు తగిన ఫలితం ఇచ్చేది ఇదేనని నేను అనుకుంటాను. చిన్నపిల్లలతోనో, పెద్దవయసు తల్లిదండ్రులతోనో వెళ్లేవారు మాత్రం డబ్బు చూసుకోకుండా తలుపు వేసుకునే గదినే తీసుకోవాలి. తెల్లవారుజామున ఏడ్చే బిడ్డను తెరల మధ్య ఊరుకోబెట్టడం తల్లికీ కష్టమే, చుట్టూ ఉన్నవారికీ కష్టమే. పెద్దవాళ్లకు నేలమీది పరుపు మీంచి రాత్రి రెండు మూడు సార్లు లేవడం మరీ కష్టం. స్నానాల గదితో ఉన్న గదులు పై తరగతుల్లో దొరుకుతాయి.

ఒసాకాలో రేవు చేరే దగ్గర ఒక చిక్కు ఉంది. నాంకో రేవు ప్రాంతంలో టెర్మినళ్లు ఒకటికి మించి ఉన్నాయి. బెప్పు ఓడకు వెళ్లేవారు చువో లైన్ మెట్రోలో కాస్మోస్క్వేర్ స్టేషన్‌కు చేరి, అక్కడ న్యూట్రామ్ అనే చిన్న రైలులోకి మారి, తర్వాతి స్టేషనైన ట్రేడ్ సెంటర్ మాఎలో దిగాలి. అదే లైన్‌లో ఇంకొంచెం ముందుకు వెళ్తే ఫెర్రీ టెర్మినల్ అనే పేరుతోనే ఒక స్టేషన్ వస్తుంది. పేరు చూసి ఎవరికైనా అక్కడే దిగాలనిపిస్తుంది, కానీ అది షిన్‌మోజి, తోయో ఓడలకు వెళ్లే రేవు. ట్రేడ్ సెంటర్ మాఎలో దిగిన తర్వాత కూడా నడక ఉంటుంది కనుక ఓడ కదలడానికి కనీసం గంటన్నర ముందుగా ఆ స్టేషన్‌లో ఉండేలా చూసుకోవాలి. ముందుగా వెళ్లడంలో మరో లాభం ఉంది: ఓడ కదలక ముందే ఎక్కనిస్తారు, భోజనమూ స్నానమూ రద్దీ లేకుండా ముగించుకోవచ్చు.

ఓడలో బఫే భోజనం ఉంటుంది. దానికి విడిగా చెల్లించాలి. మాంసం, చేపలు తినేవారికి ఇబ్బంది ఏమీ లేదు. శాకాహారులు మాత్రం ముందుగానే సిద్ధపడి వెళ్లాలి, ఎందుకంటే జపాన్ వంటలో కంటికి కనిపించే చేప కన్నా కనిపించని చేపే ఎక్కువ. మీసో సూపుకూ, ఉడికించిన కూరగాయలకూ, చాలా రకాల సాస్‌లకూ చేపతో కాచిన దషి రసమే ఆధారం. కూరగాయలతోనే చేసినట్టు కనిపించే వంటకంలోనూ అది ఉండవచ్చు. నమ్మకంగా తినగలిగేవి తెల్ల అన్నం, డ్రెస్సింగ్ వేయని సలాడ్, పళ్లు. అందుకని బఫేకు డబ్బు పెట్టడం కన్నా సరుకు వెంట తీసుకెళ్లడమే మేలు. ఎక్కే ముందు కన్వీనియన్స్ స్టోర్‌లో వేడిచేసుకునే అన్నం డబ్బా, చక్కెర లేని పెరుగు కొనుక్కోండి. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, నెయ్యి, ఆవకాయ ఉంటే భోజనం అమరినట్టే. ప్రయాణికుల కోసం మైక్రోవేవ్, వేడినీళ్లు ఓడలోనే అందుబాటులో ఉంటాయి. ఊరగాయ సీసా మూత గట్టిగా బిగించి రెండు కవర్లలో పెట్టండి. నలుగురూ పడుకునే గదిలో మూత తెరవకండి, భోజనం బల్లల దగ్గరే తినండి. నిప్పుతో వంట చేసుకునే పరికరాలేవీ ఓడలో వాడకూడదు.

వెంట ఉంచుకోవాల్సినవి: తువ్వాలు, పళ్లు తోముకునే సామగ్రి, చెవుల్లో పెట్టుకునే దూదిబిళ్లలు, పలచటి ఉన్ని చొక్కా, కొన్ని నాణేలు. ఇవన్నీ ఒక చిన్న సంచిలో సర్దుకుంటే పెద్ద పెట్టెను రాత్రిపూట అందరి మధ్యా తెరవాల్సిన పని ఉండదు. కారుతో వచ్చినవారు కావలసినవన్నీ ముందే బయటకు తీసుకోవాలి. ఓడ కదిలాక వాహనాల అంతస్తు మూసేస్తారు.

జపాన్ ఓడల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది పెద్ద స్నానశాల. స్త్రీలకూ పురుషులకూ వేరువేరుగా ఉంటుంది, టికెట్టు ఉన్నవారందరికీ ఉచితం. బట్టలన్నీ బుట్టలో విడిచి లోపలికి వెళ్లి, గోడ వారగా ఉన్న చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో ఒళ్లు పూర్తిగా కడుక్కున్న తర్వాతే వేడినీళ్ల తొట్టిలోకి దిగాలి. తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, పొడవు జుట్టు ముడి వేసుకోవాలి. సబ్బు, షాంపూ అక్కడే ఉంటాయి. తొట్టిలో మెడదాకా మునిగి కూర్చుంటే ఓడ కదలిక నీళ్లలోనే తెలుస్తుంది: నీటిమట్టం ఒక అంచున మెల్లగా లేచి, రెండో అంచున అంతే మెల్లగా దిగుతుంది. పదిమందిలో బట్టల్లేకుండా స్నానం మనకు అలవాటు లేని పని కనుక సంకోచం కలగడం సహజం. అటువంటివారు ఓడ రేవు దాటే సమయంలో వెళ్తే మంచిది. అందరూ డెక్ మీద ఉంటారు కనుక స్నానశాల దాదాపు ఖాళీగా దొరుకుతుంది. రాత్రి కొన్ని గంటలు మూసి, తెల్లవారుజామున మళ్లీ తెరుస్తారు.

ఈ దారిలో ఓడ మూడు మహాసేతువుల కింద నుంచి వెళ్తుంది, కనీసం మొదటిదాని కోసమైనా డెక్ మీదికి రావాలి. బయలుదేరిన గంట తర్వాత వచ్చే అకాషి కైక్యో వంతెన 1998లో తెరిచినది; రెండు స్తంభాల మధ్య దూరం 1,991 మీటర్లు. దగ్గరపడుతున్నకొద్దీ ఓడ పైభాగం వంతెనను తాకుతుందేమో అనిపిస్తుంది, కానీ నీటికీ వంతెనకూ మధ్య అరవై మీటర్లకు పైగా ఎడం ఉంది. రాత్రి పదకొండు ప్రాంతంలో 1988 నాటి సెతో మహావంతెన వస్తుంది; దాని దీపాలు అన్ని రాత్రులూ వెలగవు. మూడో వంతెన కురుషిమా జలసంధి మీద ఉంది; ఒంటిగంట ప్రాంతంలో వచ్చే ఈ జలసంధి దగ్గర ప్రవాహ వేగం గంటకు పది నాటికల్ మైళ్ల దాకా చేరుతుంది. అక్కడ ప్రవాహంతో పాటు వెళ్లే ఓడలు మధ్య కాలువలోనూ, ఎదురు వెళ్లేవి పడమటి కాలువలోనూ సాగాలన్నది నియమం. అంటే పోటు దిశ మారినప్పుడల్లా ఓడల దారులు కూడా మారతాయి. ఓడ నడపడం మీద ఆసక్తి ఉన్నవారు నిద్ర మేల్కొని చూడదగిన చోటు ఇది. డెక్ మీద వేసవిలో కూడా గాలి గట్టిగా కొడుతుంది. టోపీ, దుపట్టా గదిలోనే ఉంచి రండి.

కడుపు తిప్పే స్వభావం ఉన్నవారు మాత్రను ఓడ కదలడానికి అరగంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం తక్కువ. జపాన్ మందుల దుకాణాల్లో ట్రావెల్మిన్, అనెరోన్ అనే పేర్లతో దొరుకుతాయి. వీటికి నిద్ర వస్తుంది కనుక ఉదయం కారు నడపాల్సినవారు ఆలోచించి వాడాలి; బీపీ, షుగర్ మందులు వాడేవారు దుకాణంలో ఆ విషయం చెప్పి అడగాలి. పడక ఎంచుకునే వీలుంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో తీసుకోండి. అక్కడ ఊపు తక్కువ. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తుపానుల కాలం. ఓడ రద్దయితే టికెట్టు డబ్బు తిరిగి ఇస్తారు కానీ మీ తర్వాతి ప్రయాణం మారిపోతుంది, కాబట్టి ఆ నెలల్లో ఓడ దిగిన రోజునే ఇండియా విమానం ఉండేలా టికెట్టు తీసుకోకూడదు. ఫోన్ సిగ్నల్ తీరానికి దగ్గరగా ఉన్నంతసేపు వస్తుంది, మధ్యలో పోతుంటుంది. బుకింగ్ వివరాలను ముందే ఫోన్‌లో భద్రపరచుకోండి.

ఉదయం దిగడానికి చాలా ముందే మైకులో ప్రకటనలు మొదలై దీపాలు వెలుగుతాయి. బెప్పు రేవు నుంచి స్టేషన్‌కు బస్సులో పది, పదిహేను నిమిషాలు. అంత పొద్దున హోటల్ గది ఇవ్వరు కానీ సామాను ఉంచుకోమంటే ఉంచుకుంటారు. లేకపోతే స్టేషన్‌లో లాకర్లు ఉన్నాయి. సామాను వదిలాక స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో తకెగవరా అనే పాత వేడినీటి స్నానశాల ఉంది. ఇప్పటి చెక్క భవనం 1938లో కట్టినది. ఆ తర్వాత బస్సులో బెప్పులోనే ఉన్న కన్నవా అనే వేడినీటి బుగ్గల ప్రాంతానికి వెళ్లండి. అక్కడ నేలలోంచి ఎగజిమ్మే ఆవిరి మీద బుట్టలు పెట్టి వండుకునే వంటశాల ఉంది, సరుకు మనమే తీసుకెళ్లవచ్చు. చిలగడదుంపలు, మొక్కజొన్న, గుమ్మడి ముక్కలు కొనుక్కుని వెళ్తే శాకాహారులకు దషి బెంగ లేని వేడి భోజనం దొరుకుతుంది. రాత్రి మిగిల్చిన కందిపొడి అక్కడ పనికొస్తుంది.