బ్లోయర్ తిరగడం లేదా? మోటార్ మార్చడానికి ఒప్పుకునే ముందు ఇవి చూడండి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి బ్లోయర్ అనేది ఒకటుందని అది ఆగిపోయిన రోజే తెలుస్తుంది. ఇండియాలో గదికో ఏసీ, ఒకటి పాడైతే పక్క గదిలో పడుకుంటాం. ఇక్కడ అలా కుదరదు. ఎండాకాలం చల్లగాలైనా, చలికాలం వేడిగాలైనా ఇల్లంతటికీ తోసేది అటిక్‌లోనో బేస్‌మెంట్‌లోనో ఉండే ఆ ఒక్క బ్లోయరే. అది ఆగితే బయట యూనిట్ తిరుగుతూనే ఉన్నా లోపల వెంట్ దగ్గర చెయ్యి పెడితే గాలి తగలదు.

మాది డాలస్ దగ్గర. రెండేళ్ల కిందట జులైలో, అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఉన్నప్పుడు, శనివారం మధ్యాహ్నం మా బ్లోయర్ ఆగింది. వచ్చినతను పది నిమిషాలు చూసి మోటార్ పోయింది, మొత్తం మార్చాలి అన్నాడు. ఆ రేటు విని నేను ఊ అనలేదు. అమ్మావాళ్లని స్నేహితుల ఇంటికి పంపి సోమవారం ఇంకొకర్ని పిలిస్తే తేలిందేమిటంటే, మోటార్ నిక్షేపంగా ఉంది, పోయింది దాని పక్కనుండి అది తిరగడానికి ఊతమిచ్చే చిన్న కెపాసిటర్. పార్టు పది ఇరవై డాలర్లది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ని ఆటో నుంచి ఆన్‌కి మార్చండి. ఒకటి రెండు నిమిషాల్లో బ్లోయర్ మొదలైతే మోటార్ బతికే ఉన్నట్టు. తెర ఖాళీగా ఉంటే బ్యాటరీలు మార్చి చూడండి. ఇంకో మంచి గుర్తు కూడా ఉంది: హీట్ పెడితే గాలి బాగా వచ్చి, కూల్ పెట్టినా ఫ్యాన్ ఆన్ పెట్టినా రాకపోతే అనుమానం థర్మోస్టాట్ మీద, దాని జీ వైరు (ఫ్యాన్ తిరగమని చెప్పే వైరు) మీద, లేదా యూనిట్ లోపల అన్నిటినీ నడిపించే కంట్రోల్ బోర్డు మీద పెట్టుకోవాలి. ఎందుకంటే చాలా గ్యాస్ ఫర్నెస్‌లలో (మంటతో గాలిని వేడిచేసే పెట్టె, బ్లోయర్ ఉండేది దాన్లోనే) హీట్ అప్పుడు బ్లోయర్‌ని బోర్డే నడిపిస్తుంది, జీ వైరుతో పని ఉండదు. అన్నట్టు, హీట్ వేయగానే గాలి రాలేదని కంగారుపడకండి, మంట వెలిగాక అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆగి బ్లోయర్ తిరగడం మామూలే.

తర్వాత కరెంటు. ప్యానెల్‌లో బ్రేకర్ పడిపోయి ఉంటే ఒక్కసారి వేసి చూడండి, మళ్లీ పడితే ఇక వేయకండి, ఎక్కడో షార్ట్ ఉంది. ఫర్నెస్ పక్కనే లైటు స్విచ్ లాంటిది ఒకటి ఉంటుంది, సూట్‌కేసులు పెట్టడానికి అటిక్ ఎక్కినవాళ్లు దిగేటప్పుడు లైటు అనుకుని దాన్ని ఆపేస్తుంటారు. ఫర్నెస్ తలుపు కూడా నొక్కి చూడండి. దాని వెనక చిన్న బటన్ స్విచ్ ఉంటుంది, తలుపు సరిగ్గా కూర్చోక ఆ బటన్ నొక్కుకోకపోతే బ్లోయర్ తిరగదు.

ఫిల్టర్ సంగతి అందరూ చెప్పేదే, ఒక అంగుళం ఫిల్టర్‌ని నెల నుంచి మూడు నెలల లోపు మార్చాలి, బాణం గుర్తు బ్లోయర్ వైపు ఉండాలి. అది మూసుకుపోతే గాలిని చల్లబరిచే కాయిల్ మీద ఐసు గడ్డకడుతుంది, అప్పుడు బ్లోయర్ తిరుగుతున్నా గాలి దారి మూసుకుపోయి బయటికి రాదు, మనం బ్లోయరే పోయిందనుకుంటాం. కూల్ ఆపేసి ఫ్యాన్ మాత్రం ఆన్‌లో కొన్ని గంటలు వదిలేస్తే ఐసు కరిగిపోతుంది.

ఎండాకాలంలో చాలామంది మర్చిపోయేది ఫ్లోట్ స్విచ్. యూనిట్ కింద రేకు ట్రే ఉంటుంది, దాని అంచుకి చిన్న ప్లాస్టిక్ స్విచ్ బిగించి ఉంటుంది. ఏసీ నీళ్లు పోయే పైపు పాచిపట్టి మూసుకుపోతే నీళ్లు ట్రేలోకి వచ్చి, ఆ స్విచ్‌లోని తేలే ముక్క పైకి లేచి, సీలింగ్ తడవకుండా సిస్టమ్‌ని ఆపేస్తుంది. టార్చి వేసి చూడండి, ట్రేలో నీళ్లుంటే మీకు మోటార్ రిపేరు అక్కర్లేదు. ఇంటి బయట ఆ పైపు చివర నీళ్లు కూడా లాగే వెట్ వాక్యూమ్ పెట్టి చుట్టూ గుడ్డ చుట్టి లాగితే పాచి ముద్దలుగా ఊడి వస్తుంది. మేము ఇప్పుడు ఏటా వేసవికి ముందు పైపులో కప్పు వెనిగర్ పోస్తున్నాం.

ఇవన్నీ బాగుంటే బ్రేకర్ ఆపి, థర్మోస్టాట్ తెర కూడా ఆరిపోయిందో లేదో చూసుకుని, అప్పుడు తలుపు తీయండి. కంట్రోల్ బోర్డు మీద కార్లలో వాడే రకం 3 లేదా 5 ఆంప్స్ ఫ్యూజ్ ఉంటుంది. కొత్త థర్మోస్టాట్ మనమే బిగించుకుంటూ కరెంటు ఆపకపోతే, థర్మోస్టాట్‌కి కరెంటు తెచ్చే ఆర్ వైరు, తిరిగి తీసుకెళ్లే సీ వైరు ఒకదానికొకటి తగిలి మొదట పోయేది ఇదే. అదే సైజు ఫ్యూజ్ వేయండి, పెద్దది వేయకండి. కరెంటు ఉన్నప్పుడు బోర్డు మీద లైటు ఎన్నిసార్లు మెరుస్తుందో లెక్కపెట్టుకుంటే దాని అర్థం తలుపు లోపలి వైపు అంటించిన పట్టికలో దొరుకుతుంది. కొన్నిట్లో ఆ లైటు కోసం తలుపుకి చిన్న అద్దం ఉంటుంది, అది ఉంటే తలుపు తీయకముందే, కరెంటు ఉండగానే లెక్కపెట్టేయండి.

ఇక కెపాసిటర్. మోటార్ హమ్మ్ అంటూ మూలుగుతోంది కానీ చక్రం కదలడం లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కరెంటు ఆపాక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే బేరింగులు బాగున్నట్టే, బిగుసుకుపోయి ఉంటేనో గరగరమంటుంటేనో అప్పుడు మోటార్ మాట ఎత్తవచ్చు. మా కెపాసిటర్ అరచేతిలో పట్టే కోలగా ఉన్న రేకు డబ్బా, పైభాగం కొద్దిగా ఉబ్బి ఉంది. దాని మీద 10 మైక్రోఫారడ్లు, 5 శాతం అటూ ఇటూ అని ఉంది, అంటే 9.5కి తగ్గకూడదు. మీటర్ పెడితే 3 కూడా చూపించలేదు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, బ్రేకర్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, షాక్ గట్టిగా కొడుతుంది. అలవాటు లేకపోతే కళ్లతో చూసి వదిలేయండి, ముట్టుకోకండి.

కొత్త ఇళ్లలో ఉండే ఈసీఎమ్ (ఎలక్ట్రానిక్‌గా నడిచే) మోటార్లకి ఈ కెపాసిటర్ ఉండదు. వాటి వెనక ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, కొన్ని మోడళ్లలో అదొక్కటే మార్చుకోవచ్చు, అడగండి. తలుపు లోపల స్టిక్కర్ మీద సీరియల్ నంబరుతో వారంటీ చూసుకోండి. చాలా కంపెనీలు సమయానికి రిజిస్టర్ చేసిన యూనిట్ పార్టులకి 10 ఏళ్ల వారంటీ ఇస్తాయి, లేబర్ ఖర్చు మాత్రం సాధారణంగా మనదే.

చలికాలంలో మంట వెలుగుతూ గాలి రాకపోతే హీట్ ఆపేయండి. లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్ మంటని ఆపుతుంది నిజమే, దాని మీద భారం వేసి మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. కాలిన వాసన వస్తే బ్రేకర్ ఆపండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లి, అక్కడి నుంచి ఫోన్ చేయండి.

టెక్నీషియన్‌ని పిలవాల్సి వస్తే ఫోన్‌లోనే ఇవన్నీ చెప్పేయండి: ఫ్యాన్ ఆన్ పెడితే ఏమైంది, మూలుగు వినిపించిందా, ట్రేలో నీళ్లున్నాయా, లైటు ఎన్నిసార్లు మెరిసింది. మోటార్ పోయిందని అతనంటే మోటార్‌కి కరెంటు చేరుతోందా, కెపాసిటర్ రీడింగ్ ఎంత వచ్చింది అని అడిగి, ఆ మీటర్ మీ కళ్లముందు పెట్టి చూపించమనండి.